ఈ పని ఎవరైనా తీసుకుంటారా?

వరంగల్ మట్టెవాడలో మాది చిన్న ప్రింటింగ్ దుకాణం. మిషన్ మా ఆయన చూసుకుంటాడు, కంప్యూటర్ ముందు నేను కూర్చుంటాను. లగ్గం పత్రికలు, గృహప్రవేశం కార్డులు, దినాల కార్డులు, కిరాణా దుకాణాల బిల్లు పుస్తకాలు వేస్తాం. పెళ్లిళ్ల రోజుల్లో అన్నం కూడా కంప్యూటర్ ముందే కూర్చుని తింటాను.

ఒకప్పుడు పెళ్లివారు కాగితం మీద రాసుకొచ్చేవారు. ఇప్పుడు అందరూ ఫోన్లోనే పంపుతున్నారు. "మ్యాటర్ పెట్టిన అక్కా, జర చూడు" అని ఒక మాట, దాని వెనకే పేర్లన్నీ. చిక్కేమిటంటే ఫోన్లో వచ్చే తెలుగు అక్షరాల లెక్క వేరు, మేం కార్డులు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్ లెక్క వేరు. అక్కడివి తెచ్చి ఇక్కడ పెడితే అన్నీ డబ్బాలు, పిచ్చి గీతలు. మొదట్లో నేను ప్రతి కార్డూ మళ్లీ మొదటి నుంచి టైపు చేసేదాన్ని. టైపు చేస్తే తప్పులు రాకుండా ఉండవు. పెళ్లికూతురి పేరులో ఒక్క ఒత్తు పోయినా ఆ కార్డులన్నీ మా నెత్తినే పడేవి.

ఆ రోజుల్లో పక్క దుకాణం వాళ్లు కన్వర్టర్ సంగతి చెప్పారు. ఫోన్ అక్షరాలను అందులో పెట్టి మీట నొక్కితే మా సాఫ్ట్‌వేర్‌కు పనికొచ్చే అక్షరాలుగా మార్చి ఇస్తుంది. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఒకరోజు 'ర' కింద ఒత్తు తప్పుగా పడుతుంటే, కన్వర్టర్ వెబ్‌పేజీ అడుగున ఉన్న ఈమెయిల్ చిరునామాకు ఊరికే ఒక మాట రాసి పెట్టాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. "సరిచేశాను. మళ్లీ చూడండి." చూశాను. ఒత్తు సరిగ్గా పడింది.

అది చేసిన మనిషి ఎక్కడో హైదరాబాద్‌లో ఉంటాడనుకున్నాను. తీరా చూస్తే హనుమకొండలోనే, కరెంటు ఆఫీసులో ఉద్యోగం. ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక చేసే పని ఇది. అప్పటి నుంచి ఎక్కడ తప్పు కనబడ్డా పంపేదాన్ని, ఆయన దిద్దేవాడు. కొన్నాళ్లకు నేను 'అన్నా' అనడం, ఆయన 'చెల్లె' అనడం మొదలైంది. ఇది ఉచితంగా వాడుకునేది మాత్రమే కాదని, లోపల ఎలా రాశారో ఎవరైనా తెరిచి చూడొచ్చని, మార్చుకోవచ్చని, ఇంకొకరికి ఇవ్వొచ్చని ఆయనే చెప్పాడు. అలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారని నాకు అప్పుడు తెలిసింది.

ఆయన వల్లనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ పనులు చేసే ఒక గుంపుతో పరిచయమైంది. హనుమకొండలోని ఒక కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మేడం ఒకామె ఆదివారాలు అందరినీ కూర్చోబెట్టేది. ఒక సంవత్సరం ఆమె మన దగ్గర కూడా ఒకరోజు కాన్ఫరెన్స్ పెడదామంది. హాలు కాలేజీ ఇస్తుంది. అందులో ఒక భాగం, జీతం బత్తెం లేకుండా ఈ పనులు చేసేవాళ్లు తమ పని గురించి తామే చెప్పుకోవడం. ఆ భాగం మొత్తం నా చేతిలో పెట్టింది.

"నాకేం తెలుసు మేడం? నేను కార్డులు చేసుకునేదాన్ని" అన్నాను.

"పెళ్లోళ్ల వెంటబడి ప్రూఫ్ ఓకే చేయించేది నువ్వే కదా. గీ వలంటీర్లు గూడ గంతే. వెంటబడకుంటే ఒక్కడు కూడ తన ముచ్చటకు టైటిల్ పంపడు."

ఆ మాట నిజమే. మన గల్లీలను మ్యాప్‌లోకి ఎక్కించే ఒకతను ఉన్నాడు. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాడు. "పంపుతా అక్కా, రేపు పక్కా" అని ఎన్నిసార్లు అన్నాడో. బడిపిల్లల కోసం పదాల ఆట తయారుచేసిన టీచరమ్మ మాట్లాడతానని ఒప్పుకుని, స్టేజీ అనగానే భయపడి, మళ్లీ ఒప్పుకుంది. అక్షరాలు గీసి ఫాంట్లు చేసే ఒకాయన నేను అడిగిన దానికన్నా రెట్టింపు సమయం కావాలన్నాడు. వీళ్లందరినీ ఒక దారికి తెచ్చాను. కన్వర్టర్ అన్న వెంట మాత్రం పడనే లేదు. ఆయన వస్తాడు, ఆయన గురించి ఫికర్ లేదనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన దగ్గర నుంచి టైటిల్ వచ్చింది. "నేను మానేస్తున్నాను."

నవ్వుకున్నాను. ఏదో చమత్కారంగా పెట్టాడనుకుని ఫోన్ చేశాను.

"ఏందన్నా, టైటిల్ గిట్ల పెట్టినవ్? జనం నిజమనుకుంటరు."

"నిజమే చెల్లె. మానేస్తాన."

మిషన్ చప్పుడులో సరిగ్గా వినబడలేదేమోనని బయటికి వచ్చి మళ్లీ అడిగాను. అదే మాట చెప్పాడు.

"ఎవరన్న ఏమన్న అన్నరా అన్నా?"

"అంటాంటరు. నీ కన్వర్టర్ తోటి మా కార్డులు ఖరాబైనయని మొన్నొకాయన తిట్టిండు. దానికి గాదు. కోపమేం లేదు. పొద్దూకి ఇంటికొచ్చి కంప్యూటర్ తెరుస్త, చూస్త, మూసేస్త. తెరవబుద్ధి అయితలేదు. ఊకె కూసోవాలనిపిస్తాంది. పిల్లలు టీవీ చూస్తాంటే పక్కన కూసొని చూడాలనిపిస్తాంది. గంతే."

కష్టమో, జబ్బో అయితే ఓదార్చేదాన్ని. తగువైతే సర్దిచెప్పేదాన్ని. ఊరికే కూర్చోవాలని ఉంది అనే మనిషికి ఏం చెబుతాం? "మరి కన్వర్టర్?" అన్నాను చివరికి.

"అదే చెప్దామనుకుంటాన ఆడ. ఎవరన్న తీసుకుంటరేమో అడుగుత. కూసోబెట్టి మొత్తం నేర్పిస్త."

మేడంకు చెబితే ఆమె ముఖం మారింది. "మొదటిసారి పెడ్తానం. పిల్లల్ని ఈ పనిలోకి రమ్మని పిలుస్తానం. అదే స్టేజీ మీద ఒకాయన ఎక్కి 'నేను పోతాన' అంటే ఎట్లుంటది? టైటిల్ మార్చమను. కన్వర్టర్ గతం, భవిష్యత్తు, గట్ల ఏమన్న పెట్టుమను."

ఆ మాట ఆయనకు చేరవేశాను. "గతం చెప్త. భవిష్యత్తు అంటే ఏం చెప్పాలె చెల్లె?" అని అడిగాడు. ఇద్దరి మధ్యా ఫోన్లు పట్టుకుని తిరిగి తిరిగి, చివరికి "ఈ పని ఎవరైనా తీసుకుంటారా?" అనే దగ్గర ఆగాం. మేడం అయిష్టంగానే ఊ అంది.

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. టైటిల్ ఏదైతేనేం, ఆయన మానకుండా చేయాలి. ఎదురుగా కూర్చుని అడిగితే కాదనడని నమ్మకం. ఒక ఆదివారం ఆటో ఎక్కి హనుమకొండలో వాళ్లింటికి వెళ్లాను. అన్న పాలకు పోయాడట. వదిన లోపలికి రమ్మని, చాయ్ పెట్టి తెచ్చి ఎదురుగా కూర్చుంది. అంతకుముందు ఆమెను నేను చూసింది ఒకటి రెండుసార్లే.

"నువ్వు ఎందుకొచ్చినవో నాకెరుకే. మానొద్దని చెప్పనీకే కదా?" అంది.

అబద్ధం చెప్పలేక తల ఊపాను.

"ఒకటి చెప్త, ఏమనుకోకు. నువ్వడిగితే ఆయన కాదనలేడు. ఎవలడిగినా కాదనలేడు. మళ్ల కూసుంటడు. బుక్క నోట్లె పెట్టుకుంట ఫోన్ చూస్తడు. పండుగ పూట గూడ ఎవనిదో ఒత్తు తప్పు పడ్డదని లేస్తడు. ఇగ మానేస్త అని నాతోని చెప్పిన నాడు ఆయన నిద్రపోయిన తీరు నేను మస్తు రోజులకు చూసిన. అందుకే అడగకు చెల్లె. నీకు దండం పెడ్త."

ఆమె నిజంగానే చేతులు కలిపింది. నేను గబుక్కున ఆ చేతులు పట్టుకున్నాను. చాయ్ సగం అలాగే ఉండిపోయింది. అన్న పాల ప్యాకెట్లతో వచ్చి, నన్ను చూసి సంబరపడి, "ఏం చెల్లె, చెప్పకుంట వచ్చినవ్?" అన్నాడు.

"నీ ముచ్చట పొద్దున పెట్టాల్నా, మధ్యాహ్నం పెట్టాల్నా అడుగుదామని వచ్చిన" అన్నాను. ఫోన్లో అడిగే మాటకు మట్టెవాడ నుంచి రావాలా అని ఆయన అనలేదు. "నీ ఇష్టం" అన్నాడు. వదిన నా వైపు చూడకుండా కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

ఆయన్ను అడగలేనని తేలిపోయింది కాబట్టి, ఆయన బదులు ఇంకొకరు దొరకాలి. ఆ పని చేయగలిగే నలుగురు ఆయన మాట్లాడే సమయానికి హాల్లో ఉండేలా చూడడమే ఇక నా చేతిలో ఉన్నదనుకున్నాను. మ్యాప్‌ల అతన్ని ముందే అడిగి చూశాను. "అక్కా, మా ఆఫీసోళ్లే నన్ను సంపుతాన్లు. ఇంకొకరు రాసిన కోడ్ చదువుడంటే, ఇంకొకరి ఇంట్ల చీకట్ల తిరుగుడే. మాటిచ్చి చెయ్యకపోతే ఇంకా పాపం కదా?" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. ఇంజనీరింగ్ పిల్లలున్నారు. కానీ అన్న మాట్లాడే వేళకే వాళ్లకు పక్క ల్యాబ్‌లో ప్రోగ్రామింగ్ పోటీ పెట్టారు. దాన్ని వేరే వేళకు మార్చమని మేడంను బతిమాలాను.

"నా చేతుల లేదు. బహుమతులిచ్చే కంపెనీ వాళ్లు ఆ టైమే అడిగిన్లు" అంది.

అన్న ముచ్చటనే ముందుకో వెనక్కో జరుపుదామంటే పొద్దున ముఖ్య అతిథి, మధ్యాహ్నం తిండి తర్వాత ఎవరూ ఉండరు. కాగితం మీద పేర్లను అటూ ఇటూ మార్చి మార్చి చూశాను. ఎటు పెట్టినా చేయగలవాళ్లు ఒక గదిలో, అడిగే మనిషి ఇంకో గదిలో.

ఆ రోజు రానే వచ్చింది. దీపం వెలిగించడం, శాలువాలు, ముఖ్య అతిథి గారి ప్రసంగం అయ్యేసరికి సగం పొద్దు పోయింది. అందరి సమయమూ కుదించాల్సి వచ్చింది. ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి, చెవిలో "జర తక్కువ చేసుకోండి" అని చెప్పాను. టీచరమ్మ మాత్రం సంతోషించింది. ల్యాబ్ పోటీ మొదలుకాగానే హాల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్లలో కొందరు ఫస్టియర్ పిల్లలు, హాలు నిండుగా కనబడాలని తెచ్చి కూర్చోబెట్టినవాళ్లు. కొందరు మావాళ్లు, అంటే వరంగల్, చుట్టుపక్కల ప్రింటింగ్ దుకాణాలవాళ్లు. వాళ్లను పిలిచింది నేనే.

అన్న ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. వేదిక మీద ఆయన్ను చూడడం నాకు అదే మొదటిసారి. ఒక లగ్గం పత్రిక మ్యాటర్ తెర మీద పెట్టి, ఒక్కొక్క అక్షరం లోపల ఏమవుతుందో, ఒత్తు ఎక్కడికి జరుగుతుందో, గుడి ఎలా అతుక్కుంటుందో చూపించాడు. చాలా బాగా చెప్పాడు. ఏళ్ల తరబడి నేను మీట నొక్కుతున్నానే కానీ, దాని వెనక అంత ఉందని నాకు తెలియదు. చివర్లో ల్యాప్‌టాప్ మూసి అన్నాడు.

"ఇగ నాతోని అయితలేదు. దీన్ని ఎవరన్న తీసుకుంటే, ఎన్నాళ్లైనా పక్కన కూసొని నేర్పిస్త. ఒక్కళ్లు కాకపోతే ఇద్దరు కలిసి తీసుకోండ్రి. ఎవరన్న ఉన్నరా?"

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. మైక్ నా చేతిలో ఉంది. "ఎవరైనా?" అన్నాను. వెనక వరుసలో ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. పరుగున పోయి మైక్ ఇచ్చాను.

"సర్, ఇది తీసుకుంటే సర్టిఫికెట్ ఇస్తరా?"

"ఇయ్య బిడ్డా. ఇచ్చెటందుకు నేనెవర్ని?" అన్నాడు అన్న. పిల్లలు నవ్వారు. అన్న కూడా నవ్వాడు.

ఇంకొక అమ్మాయి లేచింది. "సర్, మీరు రాసిన లాంగ్వేజ్ ఇప్పుడు ఎవరు వాడుతలేరు కదా? అంతా కొత్తగా రాస్తే బాగుంటది కదా?"

"బాగుంటది. నువ్వు రాస్తవా?"

ఆ అమ్మాయి పక్కనున్న అమ్మాయి వైపు చూసి కూర్చుంది.

అప్పుడు తొర్రూరులో ప్రెస్ నడిపే పెద్దాయన ఒకరు లేచారు. మైక్ అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి, రెండు చేతులూ జోడించారు. "సారూ, మీరెవరో ఇయ్యాల్నే చూసిన. మీ పుణ్యాన నా దుకాణం నడుస్తాంది. మీరు బందు చేస్తే మేం ఏమైపోవాలె? జర మా మొఖం చూసి మానకుండ్రి."

హాలంతా చప్పట్లు మోగాయి. మావాళ్లందరూ లేచి నిలబడి కొట్టారు. ఆ చప్పట్లు వింటూ అన్న తల దించుకుని నిలబడ్డాడు. ఆయన అడిగింది చప్పట్లు కాదు. ఆ సంగతి నాకు తెలుసు, మేడంకు తెలుసు. కానీ చప్పట్లు కొట్టేవాళ్లను ఆపమని ఎలా అంటాం? వాళ్లు ప్రేమగానే కొడుతున్నారు. హాల్లో ఏ మూలైనా వదిన ఉందేమోనని చూశాను. రాలేదు. వచ్చి ఉంటే ఆమె ముఖం చూసే ధైర్యం నాకు ఉండేది కాదు.

"ఇంకెవరైనా?" అని మళ్లీ అడిగాను. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినిపించింది. తర్వాత మాట్లాడాల్సిన టీచరమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. సమయం అయిపోయిందని అన్నే సైగ చేసి దిగిపోయాడు.

భోజనాల దగ్గర ఆయన చుట్టూ జనం మూగి ఫోటోలు దిగారు. ఇద్దరు పిల్లలు మాత్రం నంబరు అడిగి తీసుకున్నారు. ఆ ఇద్దరి మీద నేను ఎంత ఆశ పెట్టుకున్నానో చెప్పలేను. మరుసటి ఆదివారం వాళ్లు అన్న ఇంటికి వెళ్లారు కూడా. ఆ తర్వాత పరీక్షలన్నారు, ఆ తర్వాత క్యాంపస్ ఇంటర్వ్యూలన్నారు. అన్న వాళ్లను మళ్లీ పిలవలేదు. నేను పిలిచాను. ఒకతను ఫోన్ ఎత్తి, "తప్పకుండ వస్తమక్కా" అని మర్యాదగా చెప్పాడు. అంతే.

కొన్నాళ్లకు అన్నే మా దుకాణానికి వచ్చాడు. కన్వర్టర్ ఉండే చోటి తాళాలు, అంటే పాస్‌వర్డులు, నాకిస్తానన్నాడు.

"నాకు కోడ్ రాదు కదన్నా!"

"రాకపోయినా ఫరక్ పడది. ఒక మనిషి పేరుండాలె. లేకపోతే ఎప్పుడో ఒకనాడు అది మూతబడ్తది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచు, చాలు. ఎవరన్న వస్తె వాళ్లకియ్యి."

మా ఆయన మిషన్ ఆపి మా వైపు చూస్తున్నాడు. వద్దంటే అన్న తాళాలు తిరిగి జేబులో పెట్టుకుని పోతాడు, ఎవరడిగినా మళ్లీ కూర్చుంటాడు. తీసుకున్నాను. అన్న భుజాల మీది బరువు దిగడం నా కళ్లతో చూశాను.

నేర్చుకుందామని ప్రయత్నించకపోలేదు. వీడియోలు చూశాను, మేడం ఒక పుస్తకం ఇచ్చింది. మొదటి పాఠాలు అర్థమయ్యాయి కూడా. కానీ కన్వర్టర్ తెరిచి చూస్తే ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో నాకు అంతుపట్టలేదు. మధ్యమధ్య అన్న తెలుగులో రాసుకున్న మాటలు కనబడేవి. "ఇక్కడ జాగ్రత్త." "ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియదు, ముట్టుకోవద్దు." అవి చదివి నేనూ ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఫోన్లలో కీబోర్డులు మారాయి. కొన్ని కొత్త ఫోన్ల నుంచి వచ్చే మ్యాటర్‌లో కంటికి కనబడని గుర్తు ఏదో అక్షరాల మధ్య దూరుతోందట. దానివల్ల మార్చిన పేరు మధ్యలో కన్వర్టర్ ఒక డబ్బా పెడుతోంది. ఫిర్యాదులు నాకే రావడం మొదలైంది. "ఎప్పుడు సరిచేస్తరు?" అని. మ్యాప్‌ల అతన్ని పట్టుకుంటే పాపం ఒక సాయంత్రమంతా కూర్చున్నాడు. ఈ డబ్బా పోయింది, ఇంకెక్కడో ఒత్తులన్నీ రాలిపోయాయి. మళ్లీ పాతదే పెట్టేసి, "అక్కా, నాకు టైమ్ దొరికితే చూస్త" అన్నాడు. దొరకదని అతనికీ తెలుసు.

ఆ అక్షరం చెరిపి మళ్లీ కొడితే డబ్బా పోతుందని నేను కనిపెట్టాను. అదే అందరికీ రాసి పెట్టాను. కొందరికి అదీ కుదరదు. "మీరే చేసి పంపండ్రి" అని మ్యాటర్ నాకు పంపుతారు. కార్డు వాళ్ల దుకాణానిది, పేర్లు ఎవరివో. నేను దిద్ది తిరిగి పంపుతాను. లగ్గాల రోజుల్లో మా పని పక్కన పెట్టి మరీ దిద్దుతుంటే మా ఆయన ఒకనాడు అడిగాడు, "ఎన్ని రోజులు గిట్ల?" అని. కోపంతో అడగలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. నేను తర్వాతి పేరు దిద్దడం మొదలుపెట్టాను.

మొన్న హనుమకొండ చౌరస్తాలో అన్న కనబడ్డాడు. వదినతో కలిసి కూరగాయలు కొనుక్కుని వస్తున్నాడు. మనిషి కాస్త ఒళ్లు చేశాడు. నా కొడుకు చదువు గురించి, మా ఆయన బీపీ గురించి అడిగాడు. పోబోతూ ఆగి, "నడుస్తాందా చెల్లె?" అన్నాడు.

వదిన నా ముఖంలోకే చూస్తోంది.

"మంచిగ నడుస్తాందన్నా" అన్నాను.

"ఎవరన్న దొరికిన్లా?"

"ఒకరిద్దరు అడుగుతాన్లు. చూడాలె."

ఆయన సంతోషంగా తల ఊపాడు. వాళ్లు ఆటో ఎక్కేదాకా నిలబడి, నేను మట్టెవాడ వైపు బస్సు కోసం రోడ్డు దాటాను. బ్యాగులో ఫోన్ అప్పటికే రెండుసార్లు మోగింది.